అద్దకం రంగులో ఆవు జ్వరం

అక్కా,

బట్టలకని నువ్వు వేర్లు కాచి తీసిన ఎర్రరంగు మంగళవారం మా పశువుల ఆసుపత్రి ల్యాబులో వాడాను. నెత్తురులో క్రిములు కనబడడానికి వాడే కొన్న రంగు అయిపోయింది, చూస్తే జ్వరంతో వచ్చిన ఆవు లేవలేకపోతోంది. దాని నెత్తురు చుక్కను గాజుపలక మీద ఆరబెట్టి నీ రంగు పట్టించాను.

"ఇదేమన్నా చీర అద్దకమా అమ్మాయ్?" అని డాక్టరుగారు నవ్వారు. మైక్రోస్కోపులో కన్ను పెట్టాక ఆ నవ్వు ఆగింది. ఎర్రకణాల్లో జ్వరం క్రిములు జంటలు జంటలుగా, తేటగా ఉన్నాయి. వెంటనే సూదిమందు వేశారు. మర్నాడు ఆవు లేచి మేత ముట్టింది.

ఇంకో వంద పలకల మీద కొన్న రంగుతో పోల్చి చూపిస్తే ఇక మీ అక్క రంగే వాడదామన్నారు. చూపిస్తాను, నాకు నమ్మకముంది. ఎన్ని వేర్లు, ఎంతసేపు కాచావో కొలతలతో రాసి పంపు.

గిరాకీ లేదని రంగు కాచే పొయ్యి తీసేయిస్తున్నావని బావ చెప్పారు. తీయించకు అక్కా. నాకు పది సీసాలు కావాలి.

నీ చెల్లి