ఎడ్విన్ క్యారేజీలో సీసా

ఏలూరు, మంగళవారం

చెల్లెమ్మ లిడియాకు,

మీ ఆయన ఎడ్విన్ క్షేమం. తాగుడు మాని నేటికి డెబ్బై రోజులు. ఫోన్లో చెబితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

నిన్న ఐస్ ఫ్యాక్టరీలో తోటివాళ్లు అతని అన్నం క్యారేజీలో బ్రాందీ సీసా పెట్టారు. అతను మూత తీయలేదు. ఎండలో నడిచి, తాగుడు మానినవాళ్లం కూర్చునే మా మీటింగుకి తెచ్చాడు. "బావగారూ, ఇది నా దగ్గర ఉంచకండి" అన్నాడు. ఎనిమిది మందిమి సాయంత్రం దాకా అతని పక్కనే ఉన్నాం.

ఒళ్లు మండి ఇవాళ పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాను. "సరదాకి పెట్టామండీ" అన్నాడు మేస్త్రి.

"ఒడ్డెక్కినవాణ్ణి మళ్లీ కొల్లేట్లోకి తొయ్యడం సరదా ఏవిటండీ?" అన్నాను. తల దించుకున్నాడే గాని తప్పని ఒప్పుకోలేదు. పోస్ట్‌మాన్ చదివినా సరే, వాళ్లది పాపమనే రాస్తున్నాను. ఇకనుంచి మాలో ఒకరం రోజూ మధ్యాహ్నం వెళ్లి ఎడ్విన్‌తో కలిసి తింటాం.

కలిదిండి బస్సులో మాగాయ పంపు. పాపకి జ్వరం తగ్గిందా?

కోపగించుకోకు, నువ్వూ రోజూ ఫోన్ చేసి "ఇవాళ తాగారా?" అంటున్నావట. నిన్న అతను సీసా గురించి కాదు, ఆ మాట గురించే ఏడ్చాడు. "అన్నం తిన్నారా?" అని అడుగమ్మా.

ప్రభువు మీ ఇంటిని కాయుగాక.

మీ అన్నయ్య
రాజరత్నం