కంచు మెట్ల మీద గుంటలు

ఫిల్మ్ నగర్,
12-2-1992

నా బాలమణికి,

ఇక్కడ నేను క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈ సినిమాలో రాజమహలు తగలబడుతుంది. జూబ్లీ హిల్స్ శ్యామలాదేవి గారి తాతమ్మ నాటి వీణను దగ్గర నుంచి కెమెరాలో తీసి, మంటల్లో మాత్రం నేను చేసిన నకలు పెడతారు. సెట్లు వేయించే సుబ్రహ్మణ్యం గారు, "వీణ మెట్ల మీద వేళ్ళకు అరిగిన గుంటలు కూడా అచ్చం అలాగే ఉండాలండీ వీరయ్యగారూ" అన్నారు. మా నాన్న మాట నీకు తెలుసు. చెక్కకు నకలు తియ్యి, వేళ్ళు అరగదీసినదానికి తియ్యకు, అది లోకంలో ఒక్కచోటే ఉంటుంది అనేవాడు. తెలిసీ గుంటలు తియ్యడానికి ఆకురాయి పట్టాను. పొగరు, ఇంకేముంది!

అన్నీ కొలిచే చేశాను. మైనంలో మెట్లు నిలబెట్టి రెండు వీణలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదానికి గుంటలు నడిమధ్యన ఉన్నాయి. నాదానికి అంచున ఉన్నాయి. మన అమ్మాజీ వంకర చూపుడువేలితో నొక్కేచోట.

నిన్న ఫోటోకని హీరోయిన్‌ను నా నకలు ముందు కూర్చోబెట్టారు. ఆ అమ్మాయికి వీణ రాదు. వేళ్ళు వాటంతటవే జంటవరుసలు వాయించాయి. నాలుగో వరుసలో, అమ్మాజీ ఎప్పుడూ తప్పేచోట, తప్పి ఆగింది. తిడతానేమోనన్నట్టు నావైపు చూసింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. జ్వరం తగిలిన రోజు పొద్దున్న బిడ్డ అక్కడే తప్పితే, "ఇంక వీణ ముట్టుకోకు పో" అన్నాను. మళ్ళీ ముట్టుకోకుండానే పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇరవై ఒకటో తారీకున ఈ నకలును కాల్చేస్తారు. కాలిపోనీ. దాని ఎదుట నేను కూర్చోలేను.

నీ వీరయ్య

బొబ్బిలి,
18-2-1992

ఏవండీ,

ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. ఆ పొద్దున్న మీరన్నది నేను వంటింట్లోంచి విన్నాను. మీ అంతట మీరే చెబుతారని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను.

ఉత్తరం చదివి, పెట్టె తాళం తీసి అమ్మాజీ వీణ బయటపెట్టాను. ఏటా బిడ్డ పుట్టినరోజున ఆ గుంటల్లో నా వేలు పెట్టుకుని కూర్చుంటానని మీకు తెలియదు. ఈసారి వేలు జారిపోయింది. ఇరవై నాలుగు మెట్లూ నున్నగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్క గుంటా లేదు.

మామగారి మాట అబద్ధం కాదు. అది ఒక్కచోటే ఉంటుంది. ఇప్పుడు మీ దగ్గరుంది.

పోస్టును నమ్మను. ఈ రాత్రి రైలుకు వస్తున్న మన పక్కింటి వెంకటేశ్వరరావు చేతికి ఈ ఉత్తరమూ, ఇంట్లో వీణా ఇచ్చి పంపుతున్నాను. మంటల్లో ఏ వీణైతే ఎవరికి తెలుస్తుంది? ఇది పెట్టండి. ఇందులో ఇంక ఏమీ లేదు. మీరు చేసినదాన్ని తీసుకురండి. దారిలో ఎవరి చేతికీ ఇవ్వకండి.

నాలుగో వరుసలో తప్పితే తప్పనివ్వండి.

మీ బాలమణి