నోయెలీ పీపా

గ్రాండ్ పాయింట్, లూసియానా
1935 నవంబర్ 4

ప్రియమైన తమ్ముడు తెలెస్ఫోర్‌కు,

నీ ఒంట్లో ఎలా ఉంది? మోకాలు నొప్పి తగ్గిందా, ఇంకా కుంటుతూనే ఉన్నావా? మరదలు క్లెలీ దగ్గు ఎలా ఉంది? పొయ్యి ముందు నుంచి లేచి తిన్నగా చలిగాలిలోకి రావద్దని చెప్పు. కొత్త పెళ్ళికొడుకు అరిస్తీద్ బాగున్నాడా? కొత్త కోడలికి మన ఇంటి వంట ఒంటికి పడుతోందా? కోడలి నాయనమ్మకు జబ్బుగా ఉందని మే నెలలో పెళ్ళి నలుగురితోనే కానిస్తున్నామని ముందే రాశావు. ఆవిడకు ఇప్పుడెలా ఉంది? మేనత్తనయ్యుండి పక్కన లేకపోయానే అని మనసులో ఉంది గానీ, పోనీలే, పిల్లలు చల్లగా ఉంటే చాలు.

నేను బాగానే ఉన్నాను. నిద్రే పట్టడం లేదు. మొన్న సమాధుల పండగకు మీ బావ సమాధికి సున్నం వేయించి వచ్చాను.

అసలు సంగతి, మన మనవరాలు నోయెలీకి పెళ్ళి కుదిరింది. ఈస్టర్ వెళ్ళాక వచ్చే శనివారం. అప్పటినుంచి నా దిగులంతా పీపా గురించే. మీ బావ వాళ్ళింట్లో ఆడపిల్ల పుట్టిన ఏడు ఒక పీపా పొగాకు పట్టి దాచడం, పెళ్ళినాడు తెరిచి వచ్చినవాళ్ళందరి పైపులూ నింపడం ఆనవాయితీ కదా. నోయెలీ పుట్టిన ఏడు మీ బావ తన చేత్తోనే ఈనెలు తీసి, కట్టలు పేని, సారా పీపాలో కుక్కి, ఆకు తన రసంలోనే ఊరి మాగేలా మూతను నొక్కి పట్టే జాకీ పైన బిగించాడు. మరుసటి ఏడు విషజ్వరాల్లో కొడుకూ కోడలూ పోయారు. ఇప్పుడు ఆయనా లేడు. ఆ పిల్లకు పెళ్ళిలో తనవాళ్ళంటూ మిగిలింది నేనూ ఆ పీపానే.

తుఫానుకు మా కొట్టం కప్పు ఎగిరిపోయినప్పుడు నువ్వే బండి తెచ్చి, "మా షెడ్డులో పొడిగా ఉంటుందక్కా, కంటికి రెప్పలా చూసుకుంటా" అని తీసుకెళ్ళావు. వాన కారడం లేదు కదా? ఎలుకలు చేరలేదు కదా? జాకీ వదులైతే గాలి దూరుతుంది, గాలి దూరితే బూజు పడుతుంది. అప్పుడప్పుడు చెయ్యి వేసి చూడు. తెరవకు మాత్రం.

ఇది రాస్తుంటే నోయెలీ వెనక నుంచి తొంగి చూసి, "నాయనమ్మా, తెలెస్ఫోర్ తాతయ్యకు రాస్తున్నావా, పీపాకు రాస్తున్నావా?" అని నవ్వుతోంది.

రోజూ మీ అందరినీ దేవుడికి అప్పజెప్పే
అక్క యులాలీ


డొనాల్డ్‌సన్‌విల్
నవంబర్ 21

ప్రియమైన అక్కకు,

ఇక్కడందరం కులాసా. కోడలి నాయనమ్మ తేరుకుంది. నోయెలీ పెళ్ళి మాట విని క్లెలీ ఎగిరి గంతేసింది.

నువ్వు ఆకాశం పడిపోతుందేమోనని కర్ర పట్టుకుని నిలబడే మనిషివి. పీపా పెట్టిన చోటే ఉంది. దానికేమైనా కాళ్ళున్నాయా, నడిచిపోవడానికి? ఇప్పుడు బయల్దేరి రాకు. నదిలో నీళ్ళెక్కువ, రేవంతా బురద. పెళ్ళికి వారం ముందు నేనే తెచ్చి నీ గుమ్మం ముందు దింపుతా.

నీ తమ్ముడు
తెలెస్ఫోర్


గ్రాండ్ పాయింట్
1936 జనవరి 9

ప్రియమైన తమ్ముడికి,

చలి ఎక్కువగా ఉంది, మోకాలికి గుడ్డ చుట్టుకో. ఇక్కడ మంచుకు పెరట్లో ఆవాకు మాడిపోయింది.

మొన్న పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. ఆయనా పొగాకు మనిషే. "అమ్మా, మీ ఆయన ఒజేమే పట్టిన పీపా అంటే ఈ నది గట్టు మీద తెలియనివాడు లేడు. మొదటి పైపు నాదే. నిజం చెప్పాలంటే దానికోసమే సంబంధం ఒప్పుకున్నా" అన్నాడు. నోయెలీ ఊరుకుంటుందా! "అయితే మీ అబ్బాయిని ఆ పీపానే చేసుకోమనండి. అది నాకంటే తక్కువ మాట్లాడుతుంది" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఏదైనా అయితే ఆయనకు మొహం ఎలా చూపించను?

నామీద విసుక్కోకు. ఒక్కసారి షెడ్డులోకి వెళ్ళి, మూత దగ్గర చెవి పెట్టి, వాసన చూసి ఉన్నదున్నట్టు రాయి. నా నిద్ర నీ చేతుల్లో ఉంది.

మీ అక్క
యులాలీ


డొనాల్డ్‌సన్‌విల్
జనవరి 18

ప్రియమైన అక్కకు,

నీకోసం కాఫీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్ళాను. జాకీ బిగువుగా ఉంది. మూతపలక చుట్టూ నల్లటి రసం ఉబికి నిలిచింది. చిన్న చిన్న బుడగలు, అంచున నురగ. చెవి పెడితే లోపల గుసగుసమంటోంది. ఇంతకంటే ప్రాణమున్న పీపా ఉంటుందా చెప్పు! ఇక దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపో.

నీ తమ్ముడు
తెలెస్ఫోర్


గ్రాండ్ పాయింట్
ఫిబ్రవరి 1

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ పీపా నురగ కక్కింది నోయెలీ పాలు తాగే రోజుల్లో. అప్పుడు మీ బావ నన్ను పిలిచి చెవి పెట్టించాడు. "విన్నావా, పళ్ళొచ్చే పిల్లలా ఎలా గోల చేస్తోందో! ఏడాది పోనీ, నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళుంచినా పలకదు" అన్నాడు. అలాగే మూసుకుంది. రసమంతా ఆకే తాగేసింది. తుఫాను నాడు మా కొట్టంలోంచి కదిలేటప్పుడు రాయిలా ఉంది.

నువ్వు చిన్నప్పుడే అంగడి పనికి వెళ్ళిపోయావు, నీకిది తెలియదు. బుడగలొచ్చేది పచ్చి ఆకుకు, తెలెస్ఫోర్. పద్దెనిమిదేళ్ళు మాగిన ఆకుకు కాదు.

నన్ను ఊరుకోబెట్టడానికి చూడకుండానే కల్పించి రాశావేమోనని ఆశపడ్డాను. నువ్వు అబద్ధమాడి ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. కానీ గుసగుసమంటోందని రాశావు. ఆ చప్పుడు విననివాడు ఆ మాట రాయలేడు.

ఆ పీపాలో ఏముంది?

మీ అక్క
యులాలీ


డొనాల్డ్‌సన్‌విల్
ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కకు,

కోప్పడకుండా చదువు. కోడలి వాళ్ళు పెద్దింటి వాళ్ళు. పెళ్ళికి న్యూ ఆర్లీన్స్ నుంచి తరలివచ్చారు. వాళ్ళ ముందు పెట్టడానికి మన దగ్గరేముంది చెప్పు? గుప్పెడు తీద్దామనే తెరిచాను. వాసన వీధి చివరిదాకా పోయింది. "ఇంత గొప్పగా ఎవరు పట్టారండీ?" అని కోడలి తండ్రి అడిగాడు. నేనే అనేశాను. నోరు జారింది. ఇక పైపు మీద పైపు. మిగిలిందానికి గాలి తగిలింది, బూజు పడుతుందని వాళ్ళకే డబ్బాల్లో నింపి ఇచ్చేశాను.

నువ్వొస్తే గుమ్మంలోనే వాసన పట్టేస్తావని పెళ్ళికి పిలవలేదు. కోడలి నాయనమ్మకు జబ్బేమీ లేదు. ఎండాకాలంలో కొత్త ఆకు తెప్పించి పీపాలో కుక్కించాను.

అయినా ఆకే కదా అక్కా! పెళ్ళి సందట్లో ఎవరు తేడా కనిపెడతారు? నోయెలీకి చెప్పకు. మనిద్దరి మధ్యే ఉండనీ.

నీ తమ్ముడు
తెలెస్ఫోర్


గ్రాండ్ పాయింట్
ఫిబ్రవరి 17

తెలెస్ఫోర్‌కు,

నోయెలీకి చెప్పాను. "పొగ లేకపోతే పోయింది నాయనమ్మా. ఎవరి ఆకునో తెచ్చి తాతదని మాత్రం పంచను" అంది.

నీ కొడుకు పెళ్ళినాడు నేనేం చేశానో తెలుసా? గుడికి వెళ్ళి ఆ నాయనమ్మ జబ్బు తగ్గాలని కొవ్వొత్తి వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. నువ్వక్కడ మీ బావ చేతి పని నీదని చెప్పి మెప్పు పొందుతున్నావు.

వానకు భయపడ్డాను, ఎలుకలకు భయపడ్డాను, గాలికి భయపడ్డాను. ఇన్ని దిగుళ్ళు పడ్డానే, నీ గురించి ఒక్కపూట దిగులు పడలేదు.

నోయెలీ పెళ్ళికి నువ్వు రావాలి. పైపులు ఖాళీగా ఎందుకున్నాయో పెళ్ళికొడుకు తండ్రికి నువ్వే లేచి నిలబడి చెప్పాలి. నేను చెప్పను. నువ్వు చెప్పకపోతే ఆ తర్వాత నాకు తమ్ముడు లేడు.

ఆ ఆకంతా తీసెయ్యి. పీపా మాత్రం కడగకు. నువ్వేం కుక్కినా, ఆ చెక్క ముందు తాగింది మీ బావ పట్టిన ఆకు రసమే. దాన్ని ఖాళీగానే ఇంటికి తెచ్చుకుంటాను. రేవు దాకా దొర్లించి ఉంచు. నేను మీ ఇంటికి రాను, పడవ దిగి పీపా ఎక్కించుకుని తిరిగి వచ్చేస్తాను.

ఈ శనివారం, ఫిబ్రవరి 22, పొద్దున మొదటి పడవకు.

యులాలీ