మన డబ్బులోనే బేరం

బావగారికి నమస్కారాలు.

మన డబ్బు విలువ పడిపోయిందని పేపర్లో చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. బ్యాంకులో విదేశీ మారకం కౌంటరు మీదే కదా, కాస్త ధైర్యం చెప్పండి. నాన్న పెట్టిన గొడుగుల కార్ఖానా నా చేతుల్లో మూతపడితే ఎవరికి మొహం చూపించను?

మీ బావమరిది

తా.క. విలువ పడిపోయేటప్పుడు మీరు కౌంటరు దగ్గరే ఉన్నారని అక్క చెప్పింది. కాస్త పట్టుకోవలసింది.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

పిచ్చివాడా, మన డబ్బు పడితే పైదేశం వాడికి మన సరుకు చవక. ఎగబడి కొంటాడు. ఎగుమతులు పెరుగుతాయి, దేశం ఎదుగుతుంది, దాంతోపాటు నువ్వూనూ. కళ్ళు మూసుకుని ఆర్డర్లు పట్టు.

నీ బావ

తా.క. నీకు రాబోయే లాభాలు తలుచుకుని మీ అక్క అప్పుడే సోఫా బేరమాడింది.

బావగారికి నమస్కారాలు.

మీ నోటి చలవ, ఆర్డర్లు మూడింతలయ్యాయి. నష్టాలూ అంతే. ఊచలు, స్ప్రింగులు పైదేశం నుంచి వాళ్ళ డబ్బు పోసి తెచ్చుకోవాలి, అవేమో మండిపోతున్నాయి. నేను అమ్మేది పాత రేటుకే. ఒక్కో గొడుగు గుమ్మం దాటుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇక నావల్ల కాదు.

మీ బావమరిది

తా.క. గొడుగులు కొనే పైదేశం ఆయన ధర పెంచనందుకు పెద్ద పూలదండ పంపాడు. కాస్త ముందుగా వచ్చిందంతే.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

ఓరి అమాయకుడా, ధర మన డబ్బులో చెప్పావా? వాడి డబ్బులో చెప్పాలిరా. అప్పుడు మన డబ్బు పడేకొద్దీ నీ చేతికి ఎక్కువొస్తుంది. ఇది కూడా విడమరిచి చెప్పాలా?

నీ బావ

తా.క. సోఫా వచ్చేసింది. కూర్చోబుద్ధి కావడం లేదు.

బావగారికి నమస్కారాలు.

చెప్పాలి బావా, ముందే చెప్పాలి. 'మన సరుకుకి మన డబ్బులోనే బేరం' అని నాన్న గోడమీద రాయించి పోయారు. దాన్ని దాటడానికి నాకు మనసొప్పలేదు. నష్టం మొయ్యలేక కార్ఖానా అమ్మేశాను. ఇక్కడ కొనగలిగినవాడు లేడు. ఆ పైదేశం ఆయనే కొన్నాడు, మన డబ్బు పడ్డాక కార్ఖానా కూడా ఆయనకి చవకే కదా. రాగానే గోడకి సున్నం వేయించి, ధరలు తన డబ్బులోకి మార్పించాడు. అప్పుడే లాభాలొస్తున్నాయి. ఎవరినీ పనిలోంచి తీసెయ్యలేదు, నన్ను కూడా. నాన్న గదిలో ఆయన కూర్చుంటే నేను బయట స్ప్రింగులు బిగిస్తున్నాను. ఏడుపొస్తోంది బావా.

మీ బావమరిది

తా.క. ఎగుమతులు బాగా పెంచి దేశాన్ని ముందుకు తీసుకెళ్ళినందుకు మన కార్ఖానాకి షీల్డు ఇచ్చారు. అందుకోవడానికి ఆయన మెట్లెక్కుతుంటే వాన పడింది. గొడుగు నేనే పట్టాను.