ఆల్చిప్పలో ఏడో గీత

సీబ్,
11 నవంబరు 2008

గంగులూ, నా నాయనా,

మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను ప్రాణాలతో ఉన్నాను. క్షేమం అని రాయడానికి చెయ్యి రాలేదు. అక్కడ నువ్వు, కోడలు ఆశ, పాప బాగున్నారని తలుస్తాను.

ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే ఐదో తరగతి చదువుతో కూర్చుని రాస్తున్నాను. పక్క విల్లాలో పనిచేసే చాంద్ బీ గురువారం రాయచోటికి వస్తోంది, ఆమె చేతికే ఇస్తున్నాను. జయరాముడు మేస్త్రీ సెలవు మీద వచ్చేది ఆ తర్వాతి వారం. ఆయన ఊర్లో బస్సు దిగేలోపల నువ్వు ఇది పూర్తిగా చదవాలి. "నా తమ్ముణ్ణి సెలవునాడు నిచ్చెనెక్కించి చంపినోడు ఊర్లో కాలు పెడితే ఆ కాలు ఉండదు" అని రాశావు. ఆ మాటకూ జవాబు చెబుతాను, ముందు నువ్వడిగిన తక్కినవి.

తమ్ముడు ఆంజి పోయిన ఇంట్లోనే ఎట్లా పనిచేస్తున్నావమ్మా అని అడిగావు. అగ్రిమెంటు ఫిబ్రవరిదాకా ఉంది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంది. అందుకే వాణ్ణి ఊరికి పంపిన శవం పెట్టె వెంట కూడా రాలేకపోయాను. ఇంట్లో అంత ఎత్తు వస్తువేముంటుంది అని కూడా అడిగావు. చెబుతాను.

ఈ ఇంటి మేడమ్ అరబ్బుల మనిషే అయినా లండన్‌లో చదువుకుంది. దగ్గర దగ్గర మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ విలియం కెంట్ అని ఒకాయన ఉండేవాడంట. ఇల్లూ ఆయనే గీసేవాడు, ఇంట్లోకి కుర్చీలూ బల్లలూ ఆయనే గీసేవాడు, అన్నీ రోము దేశపు పాత గుళ్ళ మాదిరి. ఆ బొమ్మల పుస్తకం ముందర పెట్టుకుని ఈమె చుట్టాలు కూర్చునే పెద్ద గదిని తయారు చేయించుకుంది. బల్ల కింద రెక్కలు చాచిన గద్దలు, కుర్చీల మీద ఆడమనిషి ముఖాలు, అన్నిటికీ బంగారు పూత. పుస్తకాల బీరువాకు స్తంభాలు, పైన మూడు మూలల కప్పు. గదిలో ఉన్న బీరువాకు కప్పెందుకు గంగులూ? దాని మీద వాన పడుతుందా, ఎండ కాస్తుందా? పద్నాలుగు అడుగుల ఎత్తు అది. ఆ కప్పు నడుమ కొయ్యలో చెక్కిన పెద్ద ఆల్చిప్ప. ఎడమపక్క ఎంతో కుడిపక్క అంతే ఉండాలి. అదీ ఆయన పద్ధతంట.

వాదీ కబీర్ అనే చోట ఉన్న వాళ్ళ కొయ్యపని వర్క్‌షాపులో ఆ ఆల్చిప్ప చెక్కే పని జయరాముడు మన ఆంజికే ఇచ్చాడు. కెంట్ గురించి మేడమ్ హిందీలో చెబుతుంటే వాడు నోరు తెరుచుకుని వినేవాడు. ఆయన మొదట్లో బండ్లకు రంగులేసే పనికి చేరాడంట, తర్వాత పరదేశం పోయి పదేళ్ళు నేర్చుకున్నాడంట. "నేనూ ఎద్దులబండికి రంగేసినోణ్ణే కదమ్మా" అని వీడు పొంగిపోయాడు. ఆయన పోయినప్పుడు ఆయన్ను పోషించిన దొర తమ వంశం సమాధిలోనే చోటిచ్చాడంట. మన ఆంజి పడిన చోట మేడమ్ తివాచీ పరిపించింది.

ఇక దాచింది చెబుతాను. చెక్కడం అయిపోవచ్చినప్పుడు వాడు నాకు ఫోటో చూపించాడు. నాకు భయమేసింది. పసిబిడ్డ బుగ్గకు చుక్క పెడతాము, కొత్త ఇంటికి గుమ్మడికాయ కడతాము, ఇంత పనిని ఊరికే వదిలితే చేసిన చేతులకు దిష్టి తగలదా? ఒక గీత కొరతగా వదిలెయ్యమన్నాను. వాడు నవ్వాడు. "ఈడికి దిష్టి కూడా వీసా లేకుండా రాలేదు మా" అన్నాడు. అయినా నా మాట తీసెయ్యలేదు. ఎడమన ఏడు గీతలు, కుడిన ఆరు.

బిగించిన రెండు వారాలకు, శుక్రవారం సెలవని నన్ను చూడడానికి వచ్చాడు. మేడమ్ అప్పుడే పుస్తకం పట్టుకుని గీతలు లెక్కపెడుతోంది. మీ వాడికి లెక్క రాదా అంది. దిష్టి కోసమని చెబితే నవ్వుతుందని నాకు సిగ్గు. తప్పు అంటే పడలేని పొగరు. ఇప్పుడే చేసేస్తాడు మేడమ్ అన్నాను. "రేపు మేస్త్రీ పరంజా తెస్తాడు మా, ఒక్క గీతకు ఏం తొందర" అన్నాడు వాడు. నేనే, గంగులూ, నేనే, "నా పరువు తియ్యొద్దు, ఎక్కు" అన్నాను. నిచ్చెన పట్టుకున్నదీ నేనే. లోపలి నుంచి మేడమ్ కాఫీ అడిగితే వదిలిపెట్టి పోయాను. పొయ్యి దగ్గర ఉండగా చప్పుడు వినబడింది.

ఆ పొద్దు జయరాముడు తన రూమ్‌లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చాడు. ఎవడు ఎక్కించాడని నువ్వు ఫోనులో అరుస్తుంటే, నేల మీద పడున్న నన్ను చూసి, "నేనే పంపించినా గంగాధరం" అన్నాడు. ఎందుకు అట్లా చెప్పావని తర్వాత అడిగాను. "ఉన్న ఒక్క కొడుకన్నా నీకు మిగలాల గదక్కా" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మూడు నెలలు ఒక మంచి మనిషి నెత్తిన నా పాపం మోయించాను. నువ్వూ దూరమవుతావనే భయం, అంతే. ఇంకో సాకు లేదు.

మేడమ్ వేరే పనివాణ్ణి పిలిపించి ఏడో గీత చెక్కించుకుంది. ఇప్పుడు రెండు పక్కలా సమానంగా ఉంది. రోజూ ఆ బీరువా స్తంభాలు తుడుస్తాను. తల పైకెత్తను.

విరగ్గొట్టాలంటే నా కాళ్ళున్నాయి, ఫిబ్రవరిలో వస్తాను. జయరాముణ్ణి మాత్రం ఒక్క మాట కూడా అనొద్దు. ఆయన దిగేరోజు నువ్వే ఎదురుపోయి సామాను అందుకో. నాతో మాట్లాడనన్నా సరే, తలకొరివి పెట్టనన్నా సరే, అడగను. నా మీది కోపం అన్నం మీద చూపించొద్దు. పొద్దున్నే పనికి పోయే మనిషివి. వేళకు కూర్చుని కడుపునిండా తిను.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ