మీ తప్పు తెనాలి క్లాసులో చెప్పానండి

రేపల్లె, ఆదివారం సాయంత్రం

డాక్టరు గారూ, వందనాలండి.

మీరు వెళ్లిపోయి ఏడు నెలలైంది. పొద్దున్నే వంట ముగించాను. రెండు బకెట్ల బట్టలు ఉతికి మేడ మీద ఆరేశాను, మెట్ల మీద ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత తెనాలి బస్సెక్కాను.

మీ డాక్టర్లంతా చేరి కేసులు చెప్పుకునే క్లాసుకి. నేనేంటి, ఆ క్లాసేంటి అనుకుంటున్నారా...

రెండేళ్లు నా దగ్గుకి మీరు ఆస్తమా మందులిచ్చారు. ఉక్కకి ఆయాసం పెరుగుతుంది, కూలర్ ముందే పడుకోమన్నారు. అలాగే పడుకున్నాను. చివరికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయాను. ఏ రోజు ఎంత దగ్గానో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మీరు అడగలేదు, నేను చూపించలేదు.

అరవై ఎనిమిదేళ్లకి ఇంకా ఏం నేర్చుకుంటారని అందరూ నవ్వినా మీరు ఆ క్లాసులు మానలేదు. ఒకసారి బాపట్లలో ఊపిరితిత్తుల జబ్బుల క్లాసు విని, బస్సు దిగి, సంచీతో నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. అక్కడ ఎవరిదో ఎక్స్‌రే చూపించి, ఈ మనిషి ఇంట్లో ఏ గాలి పీలుస్తోందో అడిగారా అన్నారట. మీకు నేను గుర్తొచ్చానట.

నా నోటుబుక్కు తిరగేశారు. చుండూరులో మా అమ్మ దగ్గరున్న పది రోజులూ దగ్గు లేదు. తిరిగొచ్చిన రెండో రాత్రి నుంచి మళ్లీ మొదలు. కూలర్ తలుపు ఊడదీసి చూశారు. గడ్డి నిండా నల్లటి బూజు.

"తప్పు నాదేనమ్మా. జబ్బు పక్కనే పడుకోబెట్టి మందులు రాశాను," అన్నారు.

అంత పెద్దాయన నా ముందు ఆ మాట అనగలగడం... అంతకుముందు ఎవరి దగ్గరైనా చూశానా?

ఆస్తమా కాదు, ఆ బూజు గాలికే ఊపిరితిత్తులు వాచాయని స్కాన్ తీయించి ఖాయం చేసుకున్నారు. మందులు మార్చారు, కూలర్ తీయించేశారు. వచ్చే క్లాసులో ఈ కేసు మీరే చెబుతానన్నారు. "మన తప్పులు చెప్పుకోకపోతే అక్కడికి భోజనాలకి వెళ్లినట్టేగా," అని నవ్వారు. ఆ క్లాసు రాకముందే మీ గుండె ఆగిపోయింది.

మీ ఆసుపత్రి చూసుకుంటున్న చిన్న డాక్టరమ్మ ఆ కేసు తను చెబుతానంది. మీ ఇంట్లో అమ్మగారు వద్దన్నారు. నలభై ఏళ్ల మంచి పేరుండగా, పోయాక ఈ ఒక్క తప్పే చెప్పుకోవాలా అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ బాధా నిజమే కదండి. పక్కన కూర్చుని ఒక్కటే చెప్పాను... తప్పని తెలిసిన రోజే ఆయన మా ఇంటికి రాబట్టి నేను ఇవాళ ఊపిరి తీసుకుంటున్నానని.

రెండు రోజులాగి ఆవిడే ఫోన్ చేశారు. నువ్వే చెప్పు, పేరుతో సహా చెప్పు అన్నారు.

చెప్పానండి. చిన్న డాక్టరమ్మ నా స్కాన్ ఫిల్ములు చూపించింది, నేను నోటుబుక్కు చదివాను. కూలర్ ముందు పడుకోమన్న మాట కూడా దాచలేదు. మీ పేరు చెడగొట్టానా అనుకుంటూ నోటుబుక్కు మూశాను.

అప్పుడు మీ వయసాయన ఒకరు లేచారు. పావురాలు పెంచే ఒకావిడకి, ఆ రెట్టల దుమ్ముతో వచ్చిన దగ్గని తెలియక, ఏడాదిపాటు టీబీ మందులిచ్చానన్నారు. ఆయన కూర్చోకముందే ఇంకొకాయన లేచారు. ఆ తర్వాత ఒక డాక్టరమ్మ... ఎంతమంది లేచారో లెక్కపెట్టడం నేనే మర్చిపోయాను. వెనక వరసలో అమ్మగారు కళ్లు తుడుచుకుని, అందరి మాటా వింటూ కూర్చున్నారు.

మీరు వాళ్లకి బాకీ పడ్డ కేసు ఈరోజుతో చెల్లు.

మీ పేషెంటు
సుగుణ