నీ అట్ట మీద నా గుండ్లు

స్టేషన్ ఘన్‌పూర్, 1979

చంద్రమౌళి బావకు,

జనగామ తుపాకి పోటీలో నువ్వు తీసుకున్న కప్పు నాది, మర్యాదగా పంపించు. నీ గురి అట్ట నడిమధ్యన పడ్డ తూట్లన్నీ నా గుండ్లవే. కళ్లద్దాలు పెట్టుకుంటే ముసలివాడంటారని పెట్టుకోక, పక్కనున్న నీ అట్టను నాదనుకుని కొట్టాను. మరి నీ గుండ్లెటు పోయాయి? నా అట్ట మీద గీత కూడా లేదు. దూరాన చెట్టుకు తగిలించిన పాలేరు యాకయ్య తలరుమాలుకు చిల్లులు పడ్డాయి! పైగా కప్పు ఎత్తిపట్టుకొని, “బామ్మర్దికి కండ్లు ఆనుతలేవు పాపం” అని అందరి ముందూ నవ్వుతావా? కప్పు రాకుంటే నేనే వస్తాను, తుపాకితోనే వస్తాను.

ఇట్లు, నీ బామ్మర్ది

వదినె, నీ తమ్మునికి కండ్లు ఆనక నాతోని రాయిస్తుండు. అన్నకు ఆనక నీతోని చదివిస్తడు. ఆ రుమాల్ల యాకయ్య తల లేదు, గదే నయం. రెండు తుపాకులకు తాళమేద్దాం, తాళంచెవులు మన కొంగులకు కట్టుకుందాం.

సులోచన